తెలియని పద్యం గురించి రాయవచ్చా?

ఇంగ్లీషు సాహిత్య పరీక్షల్లో ఒక ప్రశ్న ఉంటుంది. మనం ఎన్నడూ చదవని ఒక పద్యం ఇస్తారు. అది పాఠ్యపుస్తకంలో ఉండదు, గైడులో ఉండదు, ట్యూషన్‌లోనూ చెప్పి ఉండరు. దాన్ని అక్కడికక్కడే రెండు మూడు సార్లు చదివి, కవి ఏం చెబుతున్నాడు, ఎట్లా చెబుతున్నాడు అనేది ఒకటి రెండు పేజీలు రాయాలి. దీన్ని ‘అన్‌సీన్ పోయెమ్’ అంటారు. మన తెలుగు పరీక్షల్లో ‘అపరిచిత పద్యం’ అన్నట్టు.

ఈ ప్రశ్న చూస్తే చాలామందికి భయం. నాకు మాత్రం భయంతో పాటు ఒక సందేహం కూడా ఉంది. తెలియని విషయం మాట్లాడకూడదని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు, బళ్లో టీచర్లూ చెబుతారు. అట్లాంటప్పుడు తెలియని పద్యం గురించి పేజీలు నింపడం ధర్మమేనా? తెలిసినట్టు రాయడం అబద్ధం కాదా? ఇది మార్కుల విషయంగా కనిపిస్తుంది గానీ నిజానికి నీతికి సంబంధించిన ప్రశ్న. అందుకే ఈ వ్యాసంలో దీన్ని గురించి ఆలోచించాలనుకున్నాను.

ముందు ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. ఆయన తన విద్యార్థులకు కొన్ని పద్యాలు ఇచ్చి, కవి పేరు చెప్పకుండా, మీకు తోచింది రాసి తెమ్మన్నాడు. అట్లా వచ్చిన జవాబులను పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే పుస్తకం వేశాడు. అందులో 13 పద్యాల మీద విద్యార్థులు రాసిన అభిప్రాయాలున్నాయి. అవి చూస్తే మనకు కొంచెం ధైర్యం వస్తుంది. వాళ్లు ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్లు, పైగా కేంబ్రిడ్జిలో చదువుతున్నవాళ్లు. అయినా చాలామందికి పద్యంలోని మామూలు అర్థమే అందలేదు. పేరుపడ్డ కవుల పద్యాలను కొందరు తీసిపారేశారు, సాధారణమైన పద్యాలను కొందరు పొగిడారు. పద్యంలో ఉన్నదాన్ని వదిలి, తమ మనసులో ముందే తయారుగా ఉన్న మాటలను దాని మీద పెట్టి రాసినవాళ్లు ఎందరో. అంటే తెలియని పద్యం ముందు తడబడేది మన ఊరి పిల్లలు మాత్రమే కాదన్నమాట.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో 16 ఏళ్ల పిల్లలు రాసే జీసీఎస్‌ఈ ఇంగ్లీషు సాహిత్య పరీక్షలో ఇట్లాంటి ప్రశ్న మామూలే. అక్కడి బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏ రెండో పేపరులో ఒక కొత్త పద్యం మీద 24 మార్కుల ప్రశ్న అడుగుతుంది. తరువాత ఇంకో కొత్త పద్యం ఇచ్చి, రెండింటినీ పోల్చమని 8 మార్కుల ప్రశ్న అడుగుతుంది. మన దేశంలో కూడా కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నవాళ్లకు చాలాచోట్ల ఇది తప్పదు. మా బడి నుంచి వెళ్లినవాళ్లలో కొందరు అట్లా చదువుతున్నారు. రేపు మనలో కొందరు చదువుతారు.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తెలియని పద్యం ముందు కూర్చున్న విద్యార్థికి మూడు దారులు కనిపిస్తాయి.

మొదటి దారి: ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేయడం. “నాకు తెలియదు, తెలియనిది రాయను” అనడం. వినడానికి ఇది చాలా నిజాయితీగా ఉంటుంది. కానీ కొంచెం ఆలోచిస్తే ఇది పూర్తి నిజం కాదు. పద్యం మొత్తం అర్థం కాకపోవచ్చు. కానీ అందులో ఒక మనిషి ఉన్నాడని, తెల్లవారుజామున ఎక్కడికో బయలుదేరాడని తెలిసింది కదా? ఒక మాట రెండుసార్లు వచ్చిందని కంటికి కనిపించింది కదా? పావు వంతు తెలిసినప్పుడు “నాకేమీ తెలియదు” అనడం కూడా నిజాన్ని దాచడమే. చాలాసార్లు దాని వెనక ఉండేది నిజాయితీ కాదు, తప్పు రాస్తే నవ్వుతారేమో అన్న భయం.

రెండో దారి: బట్టీ పట్టిన వాక్యాలు రాయడం. “ఈ పద్యంలో కవి ప్రకృతిని ఎంతో అందంగా వర్ణించాడు. చక్కని పదాలు వాడాడు. ఈ పద్యం మన మనసును తాకుతుంది. ఇందులోని నీతిని మనమందరం ఆచరించాలి.” ఇట్లాంటి వాక్యాలు నాలుగు దగ్గర పెట్టుకుంటే ఏ పద్యానికైనా అరపేజీ నిండుతుంది. ఇవి అబద్ధాలని ఎవరూ రుజువు చేయలేరు. కానీ రాసిన పిల్లవాడికి తెలుసు, తాను పద్యం చదవలేదని. తాకని మనసు తాకిందని రాశాడు.

“దీనివల్ల ఎవరికి నష్టం? ఎవరి సొమ్మూ పోలేదు కదా” అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు పరీక్ష హాలులో కంటే మన ఇళ్లలో బాగా దొరుకుతుంది. హోసూరు వైపు మన తెలుగు కుటుంబాల్లో ఇంటికి వచ్చే కాగితాలు ఎక్కువగా తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. బ్యాంకు నోటీసు, ఆస్పత్రి చీటీ, భూమి కాగితం, ఇన్సూరెన్స్ ఫారం ఏది వచ్చినా ఇంట్లో చదువుకునే పిల్లల చేతికి ఇస్తారు. “ఏముందో చూడు నాయనా” అంటుంది అవ్వ. సగం అర్థమై సగం కాకపోయినా, తెలియదంటే చిన్నతనమని “ఏమీ లేదులే అవ్వా, ఊరికే పంపినారు” అనేస్తే ఏమవుతుంది? కట్టాల్సిన గడువు దాటిపోవచ్చు, వేసుకోవాల్సిన మాత్ర తప్పిపోవచ్చు. “నాకు ఇంగ్లీషు రాదు, నన్నడగొద్దు” అని కాగితం పక్కన పడేసినా అదే ఫలితం. అవ్వకు కావలసిన మనవడు ఇట్లా చెబుతాడు: “అవ్వా, ఇది బ్యాంకు నుంచి వచ్చింది. ఈ నెల 20లోపు రమ్మన్నారు. ఎంత కట్టాలో రాసినారు. ఈ ఒక్క మాట మాత్రం నాకు తెలియలేదు. రేపు సారును అడిగి చెబుతాను.”

పద్యం చదవడానికీ ఈ కాగితం చదవడానికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. పద్యం అర్థం కాకపోతే ఎవరి ఆరోగ్యమూ చెడదు. కానీ రెండు చోట్లా వాడే అలవాటు ఒక్కటే. తెలిసింది ఎంత, ఊహించింది ఎంత, తెలియనిది ఎంత అని విడదీసి చెప్పే అలవాటు అది. నష్టం లేని చోట ఆ అలవాటు చేసుకోకపోతే నష్టం ఉన్న చోట అది ఉన్నట్టుండి రాదు.

మూడో దారి ఇదే. కనిపించింది కనిపించినట్టు రాయడం, ఊహను ఊహగా చెప్పడం, ఆ ఊహ ఏ మాట వల్ల కలిగిందో చూపించడం.

ఈ దారి ఇంగ్లీషువాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే. మెదకు దగ్గరి కొలిచాల, అంటే ఇప్పటి కొల్చారం, ఆయన ఊరు. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదివేవాళ్లు ఇప్పటికీ ఆయన వ్యాఖ్య పక్కన పెట్టుకుంటారు. మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన తన వ్యాఖ్య మొదట్లోనే మాట ఇచ్చాడు. తెలియని పద్యం గురించి రాసే విద్యార్థికి ఇంతకంటే మంచి నియమం లేదనిపిస్తుంది. బట్టీ వాక్యాలు ఈ నియమంలో రెండు భాగాలనూ తప్పుతాయి. వాటికి ఆధారమూ లేదు, అవసరమూ లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ పుస్తకంలోనూ లేని పద్యం, ఈ వ్యాసం కోసం ఊహించుకున్నది. ఇంగ్లీషులో 12 పాదాలు. ఒక మనిషి తెల్లవారకముందే లేస్తాడు. కుండీలో మొక్కకు నీళ్లు పోస్తాడు. కిటికీలు మూస్తాడు. తలుపు దగ్గరికి లాగి ‘లాచ్’ వేస్తాడు. తాళంచెవి పక్కింటామె చేతికిచ్చి బస్సు ఎక్కుతాడు. మొదటి పాదంలో ఆ ఇంటిని ‘హోమ్’ అన్నారు, చివరి పాదంలో ‘హౌస్’ అన్నారు. మొదటి 10 పాదాలకు రెండేసి పాదాల చొప్పున అంత్యప్రాస కుదిరింది. చివరి రెండు పాదాలకు కుదరలేదు.

‘లాచ్’ అనే మాట మనకు తెలియదనుకుందాం. భయపడాల్సిన పని లేదు. తలుపు లాగాడు, తరువాత అది వేశాడు, ఆ తరువాత తాళం. కాబట్టి అది గొళ్లెంలాంటిదేదో అయి ఉండాలి. ఇది ఊహే, కానీ ఆధారమున్న ఊహ. తెలుగు పద్యానికి మనం రోజూ చేసే అన్వయమే ఇక్కడా చేయాలి. ఎవరు, ఏం చేశారు, దేన్ని చేశారు అని కర్త, క్రియ, కర్మ వరుసగా పెట్టుకుంటే ఇంగ్లీషు పద్యమైనా సగం దారికి వస్తుంది. ప్రతిపదార్థం, తాత్పర్యం రాసి రాసి విసుగొస్తుందని మనం అంటాం గానీ, ఆ పని ఇక్కడ చేతికి అందే పనిముట్టు.

తరువాతిది ‘హోమ్’, ‘హౌస్’ సంగతి. తెలుగులో మామూలుగా రెండింటికీ ‘ఇల్లు’ అంటాం. అందువల్ల తేడా కనిపించకుండా పోవచ్చు. కానీ మనం తమిళంలో ‘వీడు’, ‘ఇల్లం’ అనే రెండు మాటలూ వింటూ పెరిగినవాళ్లం. సరిగ్గా అదే తేడా కాకపోయినా, ఒకే చోటికి రెండు పేర్లుంటే రెంటి బరువూ ఒకటి కాదని మనకు తెలుసు. కవి మొదట మనుషులుండే చోటును చెప్పే మాట వాడి, చివరికి గోడలూ కప్పూ మాత్రమే గుర్తొచ్చే మాట వాడాడు. ఆ మనిషికి ఆ చోటు తనది కాకుండా పోతోందని దీనివల్ల చెప్పవచ్చు. ప్రాస తప్పింది కూడా అక్కడే. ఇది కూడా ఆధారమే.

మరి ఆయన తిరిగి వస్తాడా రాడా? పద్యంలో ఆ మాట లేదు. మొక్కకు నీళ్లు పోశాడు, తాళంచెవి పక్కింట్లో ఇచ్చాడు కాబట్టి వస్తాడేమో అనిపిస్తుంది. ఇంటి పేరు మారింది కాబట్టి రాడేమో అనిపిస్తుంది. ఇక్కడ ఏదో ఒకటి గట్టిగా చెప్పాలని మనసు తొందరపెడుతుంది. కానీ నిజాయితీగల జవాబు ఏమిటంటే, రెండింటికీ ఆధారాలున్నాయని, బహుశా ఆ మనిషికే ఇంకా తెలియదని రాయడం. రిచర్డ్స్ శిష్యుడు విలియం ఎంప్సన్ మొదట గణితం చదివి తరువాత సాహిత్యానికి వచ్చినవాడు. ఆయన 1930లో, కవిత్వంలో ఒకే మాటకు ఒకటి కంటే ఎక్కువ అర్థాలు ఉండడం గురించే ఒక పుస్తకం రాశాడు. అంటే రెండు అర్థాలు కనిపించడం ప్రతిసారీ చదివేవాడి తెలివితక్కువతనం కాదు. పద్యమే అట్లా ఉండవచ్చు.

ఇదే పద్యానికి బట్టీ జవాబు ఎట్లా ఉంటుందో కూడా చూడండి. “కవి మొక్కల గురించి చక్కగా వర్ణించాడు. మనమందరం మొక్కలు పెంచాలి, పర్యావరణాన్ని కాపాడాలి.” మొక్కలు పెంచడం మంచిదే, కాదనను. కానీ ఇల్లు వదిలి వెళ్తున్న ఆ మనిషి బాధను చూడకుండా దాటిపోయాం. ఎదుట ఒకరు తన కష్టం చెప్పుకుంటుంటే వినకుండా, మనకు తెలిసిన నాలుగు మంచి మాటలు చెప్పి పంపేసినట్టు ఉంటుంది అది. బట్టీ జవాబులో నాకు కనిపించే అసలు తప్పు ఇదే. అది ఎదుటివాళ్ల మాట వినకపోవడం.

మిత్రులు కొందరు అడుగుతారు, “నీతులు బాగానే ఉన్నాయి, మార్కుల సంగతేమిటి?” అని. మార్కులు చిన్న విషయం కాదు. వాటితోనే కాలేజీలో సీటు రావాలి, వాటితోనే ఉద్యోగం రావాలి. కానీ బట్టీ వాక్యాలు మార్కుల లెక్కలో కూడా లాభం కాదు. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. మనం రాసిన వాక్యాన్ని ఇంకో పద్యం కింద పెట్టి చూడాలి. అక్కడ కూడా సరిపోతే అది ఈ పద్యం గురించిన వాక్యం కాదు. దిద్దేవాళ్లకు ఆ సంగతి మొదటి పేపరులోనే తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలో దాచిపెట్టిన ఒకే ఒక్క సరైన అర్థం ఉండదు. పద్యంలోంచి ఆధారం చూపిస్తే వేరు వేరు అభిప్రాయాలకూ మార్కులు వస్తాయి. ‘బహుశా’ అని రాసినందుకు మార్కులు పోవు. ‘ఎందుకంటే’ అని రాయనందుకు పోతాయి.

ఇంకొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా వాదిస్తారు. “ఒకే అర్థం లేదంటే ఎవరికి తోచింది వాళ్లు రాయవచ్చు కదా, ఇంక తప్పేముంది?” అంటారు. ఇదీ సరికాదు. ధ్వని గురించి 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ‘ధ్వన్యాలోకం’ రాసిన ఆనందవర్ధనుడు కూడా, లోపలి అర్థానికి చేరాలంటే పైకి కనిపించే వాచ్యార్థం మీదుగానే పోవాలన్నాడు. మెట్టు వదిలేసి మేడ ఎక్కలేం. ఆ మనిషి బస్సు ఎక్కాడని ఉంటే రైలు ఎక్కాడని రాయకూడదు. తిరిగి వస్తాడా అన్నదాంట్లో మనకు స్వేచ్ఛ ఉంది, బస్సు విషయంలో లేదు. ఈ తేడా తెలుసుకోవడమే చదవడం.

ఒక్క అభ్యంతరం మాత్రం నాకు బరువుగానే ఉంది. ఇది అందరికీ సమానమైన పరీక్షేనా? ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాల మధ్య పెరిగిన పిల్లలూ, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం మాట్లాడుతూ, పుస్తకంలో మాత్రమే ఇంగ్లీషు చూసిన పిల్లలూ ఒకే పద్యం ముందు కూర్చుంటారు. మంచు కురిసే ఊళ్ల గురించి, మనం చూడని పూల గురించి ఆ పద్యం ఉంటే మొదటివాళ్లకు ఒక అడుగు ముందే ఉంటుంది. దీన్ని కాదనలేం. ఎవరికీ ముందే తెలియని పద్యం ఇస్తే గైడ్లు కొనగలిగినవాళ్లకూ కొనలేనివాళ్లకూ ఒక రకమైన తేడా తగ్గుతుంది. కానీ పదాల తేడా మిగిలే ఉంటుంది. కాబట్టి ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు కష్టమైన పదాలకు కింద అర్థం ఇవ్వడం న్యాయం. పరీక్ష కొలవాల్సింది చదివే తీరును. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నదాన్ని కాదు. అట్లా అడగడం మెహర్బానీ కోరడం కాదు.

అదే సమయంలో మనకున్న ఒక బలాన్ని కూడా మరిచిపోకూడదు. రెండు మూడు భాషల మధ్య పెరిగినవాళ్లకు అర్థం కాని మాట కొత్త కాదు. సంతలో, బస్సులో, ఆఫీసులో సగం తెలిసిన మాటను చుట్టూ ఉన్న మాటలతో కలిపి అర్థం చేసుకోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటే. ఆంగ్ల కవి కీట్స్ 1817 డిసెంబరులో తన తమ్ముళ్లకు రాసిన ఒక ఉత్తరంలో, సందేహంలో ఉన్నప్పుడు వెంటనే తేల్చేయాలని గింజుకోకుండా ఆ సందేహంలోనే నిలబడగలగడం గొప్ప గుణమని అభిప్రాయపడ్డాడు. మన పిల్లలకు ఆ నిలబడడం కొంత వచ్చు. దాన్ని కాగితం మీద పెట్టడమే నేర్చుకోవాలి.

చివరగా నా మనవి. విద్యార్థి మిత్రులారా, తెలియని పద్యం వస్తే ముందు మూడుసార్లు చదవండి. రఫ్ పేజీలో మూడు గడులు గీయండి: కనిపించింది, ఊహించింది, తెలియనిది. మొదటి గడిలోంచి మొదలుపెట్టండి. రెండో గడిలోది రాసేటప్పుడు దానికి కారణమైన మాటను పక్కనే చూపించండి. మూడో గడి ఉన్నందుకు సిగ్గుపడకండి.

టీచర్లకు ఒక విన్నపం. ఇంగ్లీషు పిరియడ్‌లోనే కాదు, తెలుగు పిరియడ్‌లో కూడా వారానికొక పద్యం ముందు అర్థం చెప్పకుండా మా చేతికివ్వండి. మేము తప్పుగా అన్వయించినా వెంటనే తాత్పర్యం చెప్పేయకండి. “అట్లా ఎందుకనుకున్నావు?” అని ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మేమే మళ్లీ పద్యంలోకి పోతాం.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలు “నాకు ఇంతవరకే తెలిసింది” అన్నప్పుడు “ఇంత ఫీజు కట్టి చదివిస్తే ఇదేనా” అనకండి. ఆ మాట అనగలిగిన పిల్లల చేతికి మీ కాగితాలు ధైర్యంగా ఇవ్వవచ్చు. తెలియని మాట ఏదో వాళ్లు మీకు చెబుతారు. ఎవరిని అడగాలో కూడా మీతో కలిసి ఆలోచిస్తారు.